నీలి చుక్క

చిల్మారీ రేవు దాటాక
టీకాల పెట్టె ఒళ్లో పెట్టుకుని ఫోను తీశాను.
తెర మీద మేం నడిరోడ్డున ఉన్నాం.
కింద బ్రహ్మపుత్ర, బురదరంగులో, సుళ్లు తిరుగుతూ.

రెండొందల మీటర్లలో కుడికి తిరగండి, అంది ఫోను.
ఖబీరుద్దీన్ ఇంజను ఆపేశాడు.
"తిరిగితే బడి. నేను మూడుసార్లు తప్పింది అక్కడే."

పడవ దానంతటది కొట్టుకుపోతుంటే
నీలి చుక్క ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి
తలుపు తట్టకుండా దూరుతోంది.

నా భుజం మీదుగా వంగి
తడి వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు.
నీటిబొట్టు పడి ఊరు కాస్త ఉబ్బింది.
"ఇది జరీనా వాళ్ల అరటితోట.
ఇది మాది.
పైకప్పు రేకు ఎలా మెరుస్తోందో చూడు, ఆ ఏడే వేయించాం.
దాని బాకీ ఇంకా కడుతున్నా."

ఛార్జింగ్ తొమ్మిది శాతం.
"ఆపెయ్యి," అన్నాడు,
"ఒడ్డెక్కాక మా ఆవిడకి చూపించాలి."

వెదురుగడ దించి లోతు చూశాడు.
నీటి మీది ముడతలు చదివి ఎడమకు తిప్పాడు.
అటు కొత్తగా ఇసుకదిబ్బ లేచిందట,
ఇంకా పేరు పెట్టలేదు.
ఇరవైముగ్గురు పిల్లలు మాత్రం ఉన్నారు.

పెట్టెలో మంచు కరుగుతోంది.