పన్నెండో చెట్టు

పలాసలో బస్సు దిగి, షేరాటోలో
ఎవరిదో జీడిపిక్కల గోనె మీద మోకాళ్లు పెట్టుకుని
హరిపురం దాటి లోపలికి వెళ్లాను.
సంచిలో నలభై ఫారాలు, ఆరు చేతి గడియారాలు.
టైము చూపించవవి,
కదలికని మాత్రం లెక్కపెడతాయి.

తామాడ దాలమ్మ. యాభై రెండేళ్లు.
కోడు నంబరు: ఉద్దానం, నూట పదిహేడు.
జీడిబట్టీలో పని.
జీడి చమురుకి వేళ్ల కొసలు నల్లబడి
ఫారం కింద వేలిముద్ర
సిరా లేకుండానే పడేలా ఉంది.

మొదటి ప్రశ్న చదివాను.
గత రెండు వారాల్లో నిద్ర పట్టడానికి
ఎంత ఇబ్బంది పడ్డారు?
లేదు, కొంచెం, ఓ మాదిరి, చాలా, విపరీతం.

"ఏ నిద్దరమ్మా?" అంది.
"కునుకా? మాగన్నా? కోడి నిద్దరా?
సచ్చినట్టు తొంగోడమా?"
నా ఫారంలో ఒకటే మాట, ఒకటే గడి.

ఆరో ప్రశ్నలో 'ఆఘాతం' అని ఉంటుంది.
విశాఖపట్నంలో ముగ్గురం కూర్చుని
నిఘంటువు తిరగేసి పెట్టుకున్న మాట.
అదెవరిదో పేరనుకుంది దాలమ్మ.
తుపాను అన్నాను, ఆ రాత్రి అన్నాను.
"ఓలమ్మ, అదురనవేటి మరి!
ఏడేళ్లయినాది, ఇంకా దిగనేదు."
పక్కన పెన్సిలుతో రాసుకున్నాను: అదురు.

ఆ తర్వాత నేనేమీ అడగలేదు.
"పెరట్లో పన్నెండు కొబ్బరి సెట్లు, మా మావ పాతినవి.
దీపం ఆరిపోనాది. తలుపుకి రోలు అడ్డెట్టి
మంచం కింద దూరినాం.
కళ్లకేటి కనపడతాది? సెవులే మిగిలినాయి.
ఒక్కోటీ పడతా ఉంటే లెక్కెట్టినాను.
పదకొండు.
ఆపైన ఏటీ వినపడనేదు.
తెల్లారి సూస్తే పన్నెండూ పడున్నాయి."

వక్క నములుతూ కాసేపు ఆగింది.

"ఆ పన్నెండోది పడ్డం నాను విననేదు గదా.
అదింకా పడాల."

విపరీతం దగ్గర టిక్కు పెట్టాను.
గడియారం కట్టి, ఏడు రాత్రులు తియ్యొద్దన్నాను.

వారం తర్వాత లాప్‌టాప్‌కి తగిలించి చూస్తే
నాలుగు రాత్రులు
జీడితోటలో ఎలుగు తిరిగినట్టు గీతలు.
ఐదో రాత్రి నుంచి గీత నేల మీద పడుకుంది.
తొమ్మిది గంటలు! వరుసగా మూడు రాత్రులు!
ఎవరో ఒకరు తన నిద్ర గురించి అడిగినందుకే
నయమైపోయిందేమో అనుకున్నాను.
షేరాటో హరిపురం చేరేలోపు
మనసులో ఒక పేపరు రాసేశాను,
శీర్షికతో సహా.

దాలమ్మ బోసి మణికట్టుని కొంగులో దాచుకుంది.
"నాను తొంగోకపోతే నీ లెక్క పాడైపోద్దనీసి
మా ఢిల్లేశ్వరి చేతికి కట్టీసినాను.
గుంట బాగా తొంగుంటాది.
ఎండలో అంత దూరం నుంచి వొచ్చినావు,
ఒక్క మంచి రాత్రయినా
ఉండాల గదా నీ కాయితంలో."

ఢిల్లేశ్వరికి ఆరేళ్లు, ముందు పళ్లు రెండు లేవు.
తుపాను గురించి దానికి
కథగా కూడా ఎవరూ చెప్పలేదట.

ఆ మూడు రాత్రులూ తీసెయ్యాలి, నియమం.
తీసేముందు పెద్దది చేసి చూశాను.
చదునైన గీత మీద
మూడుంపావు ప్రాంతంలో ఒక చిన్న బుడిపె.
మర్నాడూ అక్కడే. ఆ మర్నాడూ.
పిల్ల తనంతట తను కదిలినట్టు లేదు.
ఎవరో దుప్పటి సర్దారు,
లేదా చెయ్యి పట్టుకుని చూశారు,
పిల్ల ఉందో లేదో.

సార్ స్క్రీను వైపు వంగి
"అది రొద. పట్టించుకోకండి" అన్నారు.

తొలగించిన కారణం రాయడానికి
అంగుళం జాగా ఇచ్చారు.
'గడియారం వేరొకరు కట్టుకున్నారు' అని రాశాను.
అబద్ధమేం కాదు.