పైకి వచ్చేది

డండీలో చలి నేలను పిడికిట్లో బిగిస్తుంది,
మార్చిలో వదిలేస్తుంది.
వదిలినప్పుడల్లా
నా పెరట్లో గాజు మొలుస్తుంది.

బంగాళాదుంపలకంటే ముందే దాని కాపు.
మాకు ముందు ఈ ఇంట్లో ఉన్నవాళ్ళు
చెత్తబండి కోసం ఎదురుచూసే రకం కాదు.
సీసా అడుగులు, బొమ్మ మోచెయ్యి,
స్పార్క్ ప్లగ్గు, పళ్ళన్నీ రాలిన దువ్వెన.
చిప్స్ వేయించే పాత జల్లిబుట్టలో మట్టి జల్లిస్తాను.
చేతులకి డూగల్ వెల్డింగ్ గ్లౌజులు.
ఆయన పోయి నాలుగేళ్ళు,
వేళ్ళింకా ఆయన వంపులోనే ఉన్నాయి.
పార పిడి మీద రాబిన్ పిట్ట, మేస్త్రీలా.
వానపాము దొరికితే దానిది,
గాజు దొరికితే నాది.

ఈ ఏడు రూబార్బ్ దుబ్బు విడదీద్దామని
లోతుగా తవ్వాను.
పలక గాజు. అంచున ఆకుపచ్చ రంగు.
వంటింటి కిటికీకి నేనే వేసిన రంగు,
మిగిలింది కోళ్ళగూటికీ పూశాను.
అదే గోతిలో, దాన్ని ఆనుకుని,
విస్కీ సీసా మెడ.
మూత బిగించే ఉంది.

ముప్పై ఒక్క ఏళ్ళ కింద
అది పక్కింటి ఫిన్లే బంతి పని అన్నాడు డూగల్.
నేను కాదు, అన్నాడు పిల్లాడు, ఒక్కసారే.
వాళ్ళమ్మ చెంప మీద కొట్టింది.
ఇంటింటికీ పేపర్లు వేసిన డబ్బు
వారానికి యాభై పెన్నీలు, తొమ్మిది వారాలు,
నా అరచేతిలో పెట్టాడు.
నేను లెక్కపెట్టి మరీ తీసుకున్నాను.

ఫిన్లే ఇప్పుడు మా వీధి చెత్తలారీ మీద పనిచేస్తాడు.
శుక్రవారం, ఏడుంపావుకి.
గాజుని పాత పేపర్లో మూడు మడతలు చుట్టి,
టేపు వేసి, పెద్ద అక్షరాలతో రాశాను:
గాజు. చేతులు జాగ్రత్త.
కింద ఇంకో మాట రాసి
కొట్టేశాను.

పోయినేటి రూబార్బ్ జామ్ పట్టుకుని
గేటు దగ్గర నిలబడ్డాను.
"ఆ కిటికీ, ఫిన్లే..."
లారీ అప్పుడే నోరు మూసి నమలడం మొదలెట్టింది.
"ఏంటి, మిసెస్ రంకిన్?"
"జామ్. చక్కెర తక్కువైంది ఈసారి."

జేబులో వేసుకుని, ఫుట్‌బోర్డు ఎక్కి,
మూల తిరుగుతూ అరిచాడు:
"ఖాళీ అవగానే సీసా తెచ్చిస్తా!"

తెస్తాడు.
చిన్నప్పట్నించీ అంతే,
ఎవరి బాకీ ఉంచుకోడు.