రెండు పాయింటు పది

కల్వకుర్తి తాసిల్ ఆఫీసులో జిరాక్సు మిషను వెనక
చక్రం విరిగిన కుర్చీ నాది.
మూడు నెలల జీతం బాకీ,
సోమవారం పొద్దటికి పని మాత్రం బాకీ ఉండొద్దు.
పైనుంచి మాట వచ్చింది:
విస్తీర్ణం గడుల్లో అంకెలు తప్ప ఇంకేమీ కనపడొద్దు.

పదకొండు వేల నాలుగు వందల వరుసలు.
మొదట ఎవరు కట్టారో గానీ ఈ పట్టికను
విస్తీర్ణాన్ని అక్షరాల ఖానాలో పెట్టారు.
అక్షరాల గంపలో ఏదైనా వేయొచ్చు గదా,
వేశారు.

ఒక్కొక్క గడినీ పిలిచి అడిగాను:
నువ్వు అంకెవేనా?

మూడు వందల పన్నెండు కాదన్నాయి.
ఒకదానికి తోక చివర కంటికి కనపడని ఖాళీ.
ఒకదానిలో సున్నా బదులు ఇంగ్లీషు ఓ
పీట వేసుకుని కూర్చుంది.
ఒకచోట తెలుగు ౪,
పలక మీద దిద్దినంత గుండ్రంగా.
'కోర్టుల ఉన్నది.'
'సగం కాల్వల వోయింది.'
'పాలోళ్లు ఒప్పుకుంటలేరు.'
ఎప్పుడో ఎవరో ఆపరేటరు
ఎదురుగా నిలబడ్డ మనిషి ఏం చెబితే అది కొట్టేశాడు,
నేను అతన్ని తిట్టుకుంటూనే
ఆ మాటలు చదవడానికి ఆగాను.

అవుననకూడనివీ అవునన్నాయి కొన్ని.
ఒట్టి చుక్క, ముందూ వెనకా ఏమీ లేదు,
అదీ అంకెనే అంది.
పక్క ఖానాలో సర్వే నంబరు పద్నాలుగు ఇ మూడు,
ఇ బదులు ఇంగ్లీషు ఈ పడేసరికి
యంత్రం దాన్ని పద్నాలుగు వేలని చదువుకుంది.
నవ్వొచ్చింది. చాయ్ తెప్పించుకున్నాను.

ఆదివారం రాత్రి పదకొండున్నరకు
ఖానా మొత్తం ఆకుపచ్చ.
అక్షరాలను అంకెలు చేసి, తాళం వేసి,
పెద్ద పని చేసినవాడిలా ఇంటికి పోయాను.

మంగళవారం మేకలమోని కుర్మమ్మ వచ్చింది.
ప్లాస్టిక్ కవర్లో మడిచిన నకలు కాగితం.
"తొమ్మిది గుంటలు యాడ వోయినయి బిడ్డా?"

చూశాను. 2.1.
పాతది తీసి చూశాను. 2.10.
రెండూ ఒకటే అనబోయాను,
బడిలో అట్లాగే చెప్పారు,
చుక్క తర్వాత చివరి సున్నాకు దిక్కు లేదని.

"రెండెకరాల పది గుంటలు.
కొలిసిననాడు గొలుసు ఇటు కొస నేనే వట్టిన.
ముండ్లల్ల నిలవడ్డ."

ఎకరానికి నలభై గుంటలు.
ఒకటి పాయింటు ముప్పై, ఇంకో ఒకటి పాయింటు ముప్పై
చేను మీద కలిపితే మూడు పాయింటు ఇరవై,
నా యంత్రంలో రెండు పాయింటు అరవై.
అది చుక్క కాదు,
ఎకరానికీ గుంటకూ నడుమ నాటిన హద్దురాయి.
నేను దాన్ని పీకి పారేశాను,
ఆకుపచ్చ వెలుగులో.

కాదన్న మూడు వందల పన్నెండింటినీ
పేరు పేరునా పలకరించాను.
కుర్మమ్మ గడి
అడగగానే అవునంది.
అవునన్నవాళ్ల మొహం ఎవరు చూస్తారు?

చివర సున్నా పోయినవి పద్దెనిమిది వందల చిల్లర.
పది గుంటలు ఒకటయ్యాయి, ఇరవై రెండయ్యాయి,
నిజంగా ఒక్క గుంట ఉన్నవాడూ
వాళ్ల పక్కనే నిలబడ్డాడు, తేడా తెలియకుండా.
పాత నకలు పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి సరిపోయింది.
ఆ రాత్రి ఎవరినీ అడగకుండా
ఖానాను మళ్లీ అక్షరాలకిచ్చేశాను.
సారుకు ఏం చెప్పాలో ఇంకా తేలలేదు.

పొద్దున కుర్మమ్మకు కొత్త కాగితం చదివి వినిపించాను:
రెండు పాయింటు పది.

"పాయింటేంది?
రెండెకరాల పది గుంటలని రాయి."

ఆ గడిలో పట్టదు అవ్వా.

"పట్టకుంటె
గడి పెద్దగ జెయ్యి."