పద్నాలుగో పెట్టె

పొద్దుగాల ఏడు గొట్టంగ తాళం తీస్త.
నల్లగొండ బైపాస్ మీద ఫార్మసీ కాలేజీ,
వెనుక సైకిల్ షెడ్డు, దాని అవతల
ఎలుకల గది.
లోపల చల్లటి మిషిను, ఫిల్టరు నీళ్లు.
బోరింగు నీళ్లు తాగి పండ్లు పచ్చబడ్డోళ్లం మేము,
ఈటికేమో సీసాలల్లకెల్లి
బొట్టు బొట్టు తేటగ దిగుతయి.

ఎడమ దిక్కు పెట్టెకొక్క ఎలుక.
గోడ, గోడ, గోడ, గోడ,
మీద జాలి.
కుడి దిక్కు పెద్ద పెట్టెల ఎనిమిది.
తిరిగే చక్రం, పైపు ముక్కలు,
మా ఇంట్ల పగిలిన కొబ్బరి చిప్ప,
మా చిన్నది ఆడి పారేసిన బొంగరం.
వారం వారం సామాను మారుస్తం.
కొత్తది పెడితే చాలు
వాడకు గాజులామె వచ్చినట్టు
చుట్టు మూగుతయి.

ఆ తర్వాత మీట పెట్టిన్రు.
నొక్కితే నరంల ఒక చుక్క దిగుతది.
నిద్రను ఎల్లగొట్టే మందు,
గుండెను బెదిరిన ఎద్దు లెక్క ఉరికిచ్చే మందు.
లెక్క మిషినే పెడతది గానీ
కరెంటు పోతే నేనే,
పెన్సిలుతోని, నొక్కుడుకో గీత.

గుంపుల పెరిగినదాన్ని మీట కాడ ఇడిస్తే
రెండుసార్లు నొక్కి, చెవి గోక్కొని,
మావోళ్ల కాడికి ఎప్పుడు తోల్తవన్నట్టు చూస్తది.
పద్నాలుగో పెట్టెలది
మేత మరిచింది.
మీసాలు తుడుసుకునుడు మరిచింది.
మీట మీద దాని గోరు అరిగిపోయింది.

"పాడు ఎలుక" అన్న నేను.
రిహానా మేడం రాస్తున్న పుస్తకం లకెల్లి తల లేపలే.
"అన్నీ ఒక్క తల్లి పిల్లలే జంగమ్మక్కా,
పెట్టెలే వేరు."

మా తమ్ముడు అంజిలయ్య
మిర్యాలగూడ రైసుమిల్లుల రాత్రి హమాలి.
వడ్లు ఉడికిన వాసన
ఎంత ఉతికినా వాని అంగీ ఇడువదు.
మిల్లు వెనుక రేకుల ఖోళీ. ఒక బల్బు. ఒక మేకు.
కిటికీ ఉండాల్సిన జాగల ఇటుకలు.
లారీ డ్రైవరు ఇచ్చిండట మొదటి గోలీ.
మూడు రాత్రుల బస్తాలు రెండు రాత్రులల్ల మోసిండట,
మేస్త్రీ ఈపు తట్టిండట.
తర్వాత తర్వాత
బస్తాలు రాని రాత్రి గూడ గోలీ.
అమ్మ అన్నది, వాని గుణమే అంత అని.
నేనూ అన్న.
వానితోని ఒక్క కడుపుల పుట్టి
నేనూ అన్న.

ఎండకాలం నడిమిట్ల మేడం
పద్నాలుగోదాన్ని పెద్ద పెట్టెల ఏసింది.
మూడు దినాలు మూలకే నక్కింది.
నాలుగోనాడు కొబ్బరి చిప్పల దూరింది,
ఇంకోటి వచ్చి దాని మెడ నాకింది.
మళ్ల మీట కాడికి తెస్తే గీతలు తగ్గినయి.
సున్నా కాలే.
మేడం లెక్క చదువుకోలే గానీ
సున్నా ఎట్లుంటదో నాకు తెలుసు.
పదకొండో పెట్టెలదైతే అసలు తగ్గనే లే.
మేడం దాన్ని గూడ రాసుకున్నది,
దాచలే.

ఆ ఆదివారం బస్సెక్కి పోయి
అంజిలయ్యను తోలుకొచ్చిన.
మా ఇల్లు పెద్ద పెట్టె ఏం గాదు.
ఒక్కటే అర్ర, నలుగురు పిల్లలు, అత్త దగ్గు,
ఎవరో ఒకరు వాని మీదికెల్లి దాటుడే.
పండుకుంటే ఈపు మీద గవ్వలు పోస్తరు.
తిట్టిండు. గిన్నె ఇసిరిండు.
రెండుసార్లు పారిపోయిండు.
ఒకసారి బస్టాండుల దొరికిండు,
ఒకసారి తనే వచ్చి గడప కాడ కూసున్నడు,
బువ్వ ఉన్నదా అని గూడ అడగలే.

నిన్న రాత్రి నిద్రల
వాని బొటనవేలు మంచంపట్టె మీద
నొక్కుతనే ఉన్నది.
ఆగుతది. నొక్కుతది. ఆగుతది.
అలవాటున నా చెయ్యి పెన్సిలు కోసం తడిమింది.
చిన్నది నిద్రలనే పొర్లి
కాలు తెచ్చి
వాని చేతి మీద ఏసింది.