పదకొండో ముక్క

తెర అడుగున ఒక సన్నని పట్టీ.
స్టేటస్ లైన్ అంటారు దాన్ని.
మొదట్లో దానికి ఒక్క ముక్కే వచ్చు:
కోటబొమ్మాళి సబ్‌స్టేషన్, వోల్టేజి ఇంత, టైము ఇంత.

కింద పదకొండు ఫీడర్లు.
ఊరికో ఫంక్షన్ రాసుకుంటూ పోదామనుకున్నాను,
నాలుగో ఊరికి వేళ్లు మొండికేశాయి.
నాలుగూ అవే మాటలు, పేరొక్కటే తేడా.
మడి మడికీ కొత్త నాగలి చేయించుకుంటామా?

అప్పుడు తెలిసింది,
ప్లగిన్ ఫంక్షన్ ఒక్క ముక్కే తిరిగివ్వాలని రూలేం లేదు,
జాబితా కూడా ఇవ్వొచ్చని.
రాసేది ఒక్కసారే.
లూపు తనే ఊరూరా తిరిగి
పేరు, లోడు, రంగు పట్టుకొచ్చి
వరసాగ్గా పేరుస్తుంది,
ఎండలో జీడిపిక్కలు ఆరబోసినట్టు.

కరెంటున్న ఊరికి పచ్చ. మరమ్మతులో ఉంటే పసుపు.
మరి రీడింగే అందని ఊరికి?
ఏమీ ఇవ్వలేదు.
ఖాళీ ఇస్తే పట్టీ ఆ ముక్కని మింగేసి
మిగతావాటిని దగ్గరికి జరుపుతుంది.
చూడ్డానికి పొందిగ్గా ఉంటుంది. నాకు నచ్చింది.

అక్టోబరు గాలివాన రాత్రి
పట్టీ పొట్టిదవుతూ వచ్చింది.
పదకొండు. తొమ్మిది.
ఆరు.
ఆ ఆరూ పచ్చగానే ఉన్నాయి.
పైఆఫీసు ఫోన్ చేస్తే చెప్పాను,
"అన్నీ బాగున్నాయి సార్."

తెల్లారగట్ల లైన్‌మన్ తవిటయ్య
మోకాళ్లదాకా బురదతో వచ్చి
టార్చి ఆర్పకుండానే తెర మీదకి వంగాడు.
వేలితో ఒక్కో ముక్కా తడిమి లెక్కపెట్టాడు.
"మావూరేదమ్మా ఇందల?"
"రీడింగు రాలేదు తవిటయ్యా, అందుకని చూపించదు."
కాసేపు ఊరుకున్నాడు.
"స్తంబాలు పడిపోనాయి గాని
ఊరు ఊర్లాగే ఉంది గదమ్మా."

వేలి బురద పట్టీ మీద ఎండుతోంది.
తుడవలేదు.
టీ చల్లారేలోపు ఒక్క షరతు మార్చాను:
రీడింగు లేకపోతే వదిలెయ్యకు,
పేరు రాయి, బూడిద రంగు వెయ్యి,
పక్కన ప్రశ్నగుర్తు పెట్టు.

పదకొండూ వచ్చాయి. ఐదు బూడిదవి.
పైఆఫీసుకి మళ్లీ నేనే ఫోన్ చేశాను.

ఇప్పుడు పట్టీ మరీ పొడుగు.
చివరి ఊరు బొడ్డవలస
తెర అంచున "బొడ్డవ" దగ్గర తెగిపోతోంది.
అదింకా సరిచెయ్యాలి.
నిచ్చెన భుజానేసుకుని
మిగతా సగం వైపు
నడిచి వెళ్లాడు తవిటయ్య.