తాడుకి పన్నెండు ముళ్ళు

తాడుకి పన్నెండు ముళ్ళు.
ముడికో పిల్ల, లేకుంటే పిల్లాడు.
ముందు కొస రాయిలీ టీచరు పట్టుకుంది,
వెనక కొస నేను.
పసుపుపచ్చ చొక్కాలు తగిలించుకుని
బడి గేటు దాటి
హెల్సింకిలోకి నడిచాం.

తొమ్మిదైనా తెల్లవారలేదు.
డిసెంబరులో మా సూర్యుడు
ఆలస్యంగా వచ్చి, సంతకం పెట్టి,
మూడింటికల్లా ఇంటికెళ్ళే గుమాస్తా.

"అదిగో ట్రాము," అంది రాయిలీ.
మలుపులో పళ్ళు పటపటా కొరికింది ట్రాము.
"దానికి కోపమా?" అడిగింది హిల్పా.
"కాదు, చలి," అన్నాను.
పంతొమ్మిదేళ్ళు నడిపినవాణ్ణి,
ఆ చప్పుడు నా మోకాళ్ళలో ఇంకా ఉంది.

రైల్వే స్టేషను గుమ్మం దగ్గర
నలుగురు రాతి మనుషులు
గుండ్రటి దీపాలు మోస్తూ నిలబడ్డారు.
"చేతులు నొప్పెట్టవా?"
"వందేళ్ళు దాటింది. ఒక్కసారీ దించలేదు."
తూక్కా తనూ చేతులు చాచి నిలబడ్డాడు.
పది లెక్కపెట్టేలోగా దించేశాడు.
వెళ్తూ వెళ్తూ
ఆ నలుగురికీ తలవంచి మరీ వెళ్ళాడు.

తెల్ల చర్చి మెట్లు ఎన్నో మాకు తేలలేదు.
ఇరవై దాటి లెక్క ఎవరికీ రాదు,
ఇరవై తర్వాత మళ్ళీ ఒకటే.

రేవులో పెద్ద ఓడలు, నల్లటి పొట్టలు.
మంచుని పగలగొట్టే ఓడలు.
"వేసవంతా నిద్రపోతాయి,
సముద్రం గడ్డకడితే లేస్తాయి," అంది రాయిలీ.
ఇల్మో ఆలోచించాడు, ఆలోచించాడు,
"అయితే ఎలుగుబంటికి తలకిందులు!"

అప్పుడే నా చేతిలో తాడు తేలికైంది.
చివరి ముడి ఖాళీ.

ఉబా వచ్చి రెండు వారాలు.
మా భాషలో దానికి మూడే మాటలు:
పాలు, చాలు, ఇంకా.
ఒడ్డున రాతి మెట్టు మీద కూర్చుని
నీళ్ళ మీద అప్పుడే కట్టిన పల్చటి పొరని
వేలితో తాకి చూస్తోంది.
"పాలు!" అంది నా వైపు తిరిగి.
నిజమే, మీగడే.
తర్వాత వంగి, సముద్రంతో
సోమాలీలో ఏదో గుసగుసలాడింది.

"ఏమంటోంది?" వర్సామేని అడిగాను.
"పేరు చెప్పింది.
కొత్తవాళ్ళింటికి వెళ్తే
ముందు మన పేరు చెప్పాలిగా,"
అన్నాడు, ఇంత తెలీదా అన్నట్టు.

పొద్దుట్నించీ మేం
ఊరి పేర్లే వల్లె వేయిస్తున్నాం.

ఇక ఎవర్ని ఆపగలం!
"తూక్కా!" "హిల్పా!" "వర్సామే!"
పన్నెండు పేర్లు నీళ్ళ మీద పడ్డాయి.
సముద్రపు కాకులు లేచాయి.
చేపలమ్మే ముసలాయన డేరాలోంచి తల బయటపెట్టి
"నా పేరు ఓస్మో!" అని తిరిగి అరిచాడు.
మెడకి గుడ్డ చుట్టుకుంటూ
రాయిలీ కూడా ఏదో గొణిగింది.
ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్న మనిషి.

బడికొచ్చాక లెక్కపెట్టాం.
పిల్లలు పన్నెండుమంది.
చేతి తొడుగులు ఇరవైమూడు.