ఒకటో నంబరు ప్లాట్‌ఫారం

బదిలీ మీద వచ్చిన బ్యాంకు పిలగాడు అడిగిండు:
"మీ ధర్మాబాదుల జెర సేపు తిరగాలంటె ఏడికి పోతరు?"

మే నెల. మిర్చి యార్డు దిక్కుకెళ్లి గాలి మళ్లితె
ఊరంత ఒక్కపారె తుమ్ముతది,
సగం మరాఠీల, సగం తెలుగుల.
గోదారి ఉన్నది గని పాయ అవతలికి జరిగింది,
ఇసుకల కాలు వెడితె బొబ్బ.
పార్కు అని రాసిన కాడ
బోర్డు నీడకు రెండు మేకలు
వంతులేసుకొని పండుకుంటయి.

చెప్తె నవ్వుతడని చెప్పలే.
తెల్లారగట్ల లేపి తోలుకపోయిన.

ఆ కొస నుంచి ఈ కొసకు ఎనిమిది తిరుగుళ్లు.
చేతికర్రతోని పెంటాజీ,
కుచ్చిళ్లు ఎగదోపి రుక్మాబాయి,
బీపీ గోలీ మింగి నేను.
సిమెంటు బల్ల
నిన్నటి ఎండను ఇంకా ఇడువలే.

అప్పుడొస్తది, మా ఊర్ల ఆగని బండి.
పసుపు గీతకు ఇవతల
మొఖాలు అటు వెట్టి నిలవడ్తం.
ఇరవై డబ్బాలు.
ఇరవై డబ్బాల గాలి.
అంగీలు ఉబ్బుతయి, కొంగులు లేస్తయి,
ఎవ్వరం మాట్లాడం.

పోయినంక పిలగాడు గడియారం చూసుకున్నడు.
"మళ్లొక బండి ఎప్పుడు?"

"ఆగేదా, ఆగనిదా?"
అన్నది రుక్మాబాయి.